మీ ప్రశ్నకు జవాబు: మున్సిపల్ లీగులలో లా విద్యార్థులు

అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో కొందరు తమ ఊరి కౌన్సిళ్లకు ఎన్నికవుతున్నారు, మరికొందరి పిల్లలు లా కాలేజీలలో చదువుతున్నారు. ఈ రెండు వర్గాలూ కలుసుకునే చోట్లలో రాష్ట్ర మున్సిపల్ లీగు ఒకటి. సభ్యత్వ రుసుము చెల్లించే నగరాల తరఫున పనిచేసే ఈ సంఘాలు వేసవిలో లా విద్యార్థులను క్లర్కులుగా, అంటే న్యాయ పరిశోధనలో సహాయకులుగా, తీసుకోవడం గురించి వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాము.

ప్రశ్న: అమెరికాలోని ఒక చిన్న నగరానికి నేను కిందటి ఎన్నికలలో కౌన్సిల్ సభ్యురాలిగా ఎన్నికయ్యాను. మా సిటీ అటార్నీ (నగరం తరఫు న్యాయవాది) సొంత ప్రాక్టీసు చూసుకుంటూ గంటల లెక్కన మాకు పనిచేస్తారు. మా రాష్ట్ర మున్సిపల్ లీగులో ఈ వేసవికి ఇద్దరు లా విద్యార్థులు చేరారనీ, రాబోయే సమావేశంలో వారిని సభ్య నగరాల వారికి పరిచయం చేస్తారనీ కబురు వచ్చింది. ఇద్దరూ నా పిల్లల ఈడువారే. వారితో ఏమి మాట్లాడాలి? వారి వల్ల మా నగరానికి ఏమైనా ప్రయోజనం ఉంటుందా?

జవాబు: ప్రయోజనం ఉంటుంది కానీ, అది మీరు ఆశిస్తున్న రూపంలో రాకపోవచ్చు. కౌంటీలు, నగరాలు, టౌన్‌షిప్‌లు, స్కూల్ డిస్ట్రిక్టులు, నీటి సరఫరా వంటి పనుల కోసం ఏర్పడిన ప్రత్యేక డిస్ట్రిక్టులు అన్నీ కలిపితే అమెరికాలో సుమారు 90 వేల స్థానిక ప్రభుత్వాలు ఉన్నాయి. వాటిలో నగరాలూ పురపాలికలూ 19 వేలకు పైమాటే. వీటిలో ఎక్కువ భాగం మీ ఊరిలాంటి చిన్న ఊళ్లే కాబట్టి, పూర్తికాలం పనిచేసే న్యాయవాదిని పెట్టుకునే స్తోమత వాటికి ఉండదు. రాష్ట్ర శాసనసభలో తమ గొంతు వినిపించడానికీ, సందేహం వచ్చినప్పుడు అడగడానికి ఒక చోటు ఉండడానికీ నగరాలు ఈ లీగులను పెట్టుకున్నాయి. కాలిఫోర్నియా లీగు 1898లోనూ, టెక్సాస్ లీగు 1913లోనూ పుట్టాయి. కొన్ని రాష్ట్రాల లీగులు కలిసి 1924లో కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణంలో పెట్టుకున్న సంస్థే నేటి నేషనల్ లీగ్ ఆఫ్ సిటీస్.

ఇక విద్యార్థుల సంగతి. అమెరికాలో ఏదో ఒక డిగ్రీ పూర్తి చేసిన తరువాతే లా కాలేజీలో చేరతారు, అక్కడి చదువు మూడేళ్లు. మొదటి ఏడాది కాంట్రాక్టులు, టార్టులు (నష్టపరిహారానికి దారితీసే సివిల్ తప్పిదాలు), ఆస్తి చట్టం, సివిల్ ప్రొసీజర్, క్రిమినల్ లా వంటి విషయాలతో గడిచిపోతుంది. స్థానిక ప్రభుత్వాల చట్టం సాధారణంగా తరువాతి సంవత్సరాలలో, అదీ ఇష్టపడి ఎంచుకున్నవారికి మాత్రమే ఎదురవుతుంది. అందువల్ల మొదటి ఏడాది ముగించుకొని లీగుకు వచ్చిన విద్యార్థి అంతకుముందు ఒక్క నగర ఆర్డినెన్సునైనా (కౌన్సిల్ చేసే స్థానిక చట్టాన్ని) ఆసాంతం చదివి ఉండకపోవచ్చు. కౌన్సిల్ సమావేశంలో మొదటి పఠనం, రెండవ పఠనం అంటే ఏమిటో అతనికంటే మీకే బాగా తెలుసు. సంభాషణ మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి ఆధారం అక్కరలేదు. ఏ కాలేజీ, ఏ ఊరు అన్న మామూలు పలకరింపులు అయిపోయాక, ‘ఈ వారం మీరు ఏ ప్రశ్న మీద రాస్తున్నారు?’ అని అడగండి. ఫలానా నగరం ఫలానా విషయం అడిగిందని అతను చెప్పకూడదు, మంచి విద్యార్థి చెప్పడు కూడా. ప్రశ్న ఎలాంటిదో మాత్రం సంతోషంగా చెబుతాడు.

అలాంటి ప్రశ్న ఒకటి ఎలా ఉంటుందో చూపిస్తాను. ఒక చిన్న నగరం తన సైన్‌బోర్డుల ఆర్డినెన్సును తిరగరాయాలనుకుంటుంది. విద్యార్థి మొదట వెతికేది 2015లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన ‘రీడ్ వర్సెస్ టౌన్ ఆఫ్ గిల్బర్ట్’ తీర్పును. అరిజోనాలోని గిల్బర్ట్ పట్టణం బోర్డులను అందులోని విషయాన్ని బట్టి విభజించింది. ఏదైనా భావాన్ని ప్రకటించే బోర్డు 20 చదరపు అడుగుల వరకు ఉండవచ్చు. నివాస స్థలాలలో పెట్టే రాజకీయ బోర్డు 16 చదరపు అడుగుల వరకు ఉండవచ్చు. ఒక కార్యక్రమానికి దారి చూపే తాత్కాలిక బోర్డు మాత్రం 6 చదరపు అడుగులు మించకూడదు, పైగా కార్యక్రమానికి 12 గంటల ముందు పెట్టి, ముగిసిన గంటలోపు తీసేయాలి. సొంత భవనం లేక చోటు మారుతూ ప్రార్థనలు జరుపుకునే ఒక చిన్న చర్చి ఆ మూడవ నియమానికి చిక్కి కోర్టుకెక్కింది. బోర్డు చెప్పే విషయాన్ని లేదా సందేశాన్ని బట్టి వేర్వేరు నియమాలు వర్తింపజేస్తే, ఆ ఆర్డినెన్సు విషయాన్ని బట్టి వివక్ష చూపుతున్నట్లేననీ, అది అత్యంత కఠినమైన పరీక్షకు నిలబడాలనీ సుప్రీంకోర్టు చెప్పింది. గిల్బర్ట్ ఆర్డినెన్సు ఆ పరీక్షకు నిలబడలేదు.

ఇప్పుడు ఆ విద్యార్థి ముందున్న నగర ఆర్డినెన్సులో ‘గ్యారేజ్ సేల్ బోర్డు’, ‘ఎన్నికల బోర్డు’, ‘ఇల్లు అమ్మకానికి ఉందని చెప్పే బోర్డు’ అని వేర్వేరు నిర్వచనాలు ఉంటాయి. ఒక్కొక్కదాని పక్కన గుర్తు పెట్టుకుంటూ, వాటి బదులు కొలత, ఎత్తు, చోటు, వెలుతురు వంటి విషయంతో సంబంధం లేని నియమాలు ఎలా రాయవచ్చో ఆలోచిస్తూ, ఆ రాష్ట్రపు అప్పీలు కోర్టులు రీడ్ తీర్పును తరువాత ఎలా అన్వయించాయో చూస్తూ, అతను నాలుగైదు పుటల మెమో, అంటే న్యాయ విశ్లేషణ పత్రం, రాస్తాడు. లీగు అటార్నీ దానిని ఎర్ర గీతలతో నింపుతారు. మీ నగరానికి చివరికి చేరేది ఆ మెమో కాకపోవచ్చు, దాని నుంచి తయారైన నమూనా ఆర్డినెన్సు కావచ్చు, కౌన్సిల్ సభ్యుల కోసం అచ్చువేసే కరదీపికలో ఒక పేజీ కావచ్చు. మీరు అడిగిన ప్రయోజనం ఇదే. మీ ఊళ్లో ఇలాంటి చిక్కు ఉంటే విద్యార్థికి చెప్పండి, ‘అలాగైతే మా ఆర్డినెన్సు చెల్లదా?’ అని మాత్రం అతనిని నిలదీయకండి. ఆ జవాబు ఇవ్వవలసిన వ్యక్తి మీ సిటీ అటార్నీ.

ప్రశ్న: నేను ఒక నగర కార్యాలయంలో ఉద్యోగిని. లీగుకు ఫోన్ చేస్తే లా విద్యార్థిని ఒకరు చాలా ఓపికగా వివరించారు. ఆమె చెప్పిన మాటను కౌన్సిల్ సమావేశంలో ‘లీగు ఇలా అభిప్రాయపడింది’ అని చెప్పవచ్చా? ఇకపై ఆమెకే నేరుగా ఈమెయిల్ రాయవచ్చా?

జవాబు: మొదటిదానికి వద్దనే చెబుతాను. ఆమెకు ఇంకా న్యాయవాదిగా లైసెన్సు లేదు. పర్యవేక్షించే అటార్నీ చూసి సరేనన్న తరువాతే ఆమె పని లీగు పని అవుతుంది. పైగా లీగు న్యాయ సిబ్బందికి క్లయింటు సాధారణంగా లీగే తప్ప ఒక్కొక్క సభ్య నగరం కాదు. అందుకే చాలా లీగులు తామిచ్చేది సాధారణ సమాచారమేననీ, నిర్ణయానికి ముందు సొంత న్యాయవాదిని అడగాలనీ ప్రతి జవాబు కింద రాస్తాయి. ఆ వాక్యాన్ని మనం కంటితో దాటేస్తాము గాని, రేపు దావా పడితే మొదట ముందుకొచ్చేది అదే.

ఈమెయిల్ రాయవచ్చు. అయితే నగర వ్యవహారం గురించి మీరు రాసే ఈమెయిల్ మీ రాష్ట్ర పబ్లిక్ రికార్డుల చట్టం (ప్రభుత్వ పత్రాలను అడిగినవారికి చూపించాలనే చట్టం) కిందికి వచ్చే అవకాశం ఎక్కువ. న్యాయవాదితో మాట్లాడినట్లు అది గోప్యంగా ఉంటుందని అనుకొని, సహోద్యోగి పేరో పౌరుని పేరో పెట్టి మనసులో మాటంతా అందులో రాసుకోకండి. ప్రశ్నను పేర్లు లేకుండా, జరిగింది జరిగినట్లు నాలుగు వాక్యాలలో రాస్తే చాలు. ఉదాహరణకు, ఒక సభ్యుడు తన ఫేస్‌బుక్ పేజీలో ఒక పౌరుణ్ణి బ్లాక్ చేశాడనుకోండి. అది ప్రభుత్వం తరఫున చేసిన పనో, అతని సొంత పనో చెప్పాలంటే, అమెరికా సుప్రీంకోర్టు 2024 నాటి ‘లిండ్కీ వర్సెస్ ఫ్రీడ్’ తీర్పు ప్రకారం రెండు సంగతులు తేలాలి. ప్రభుత్వం తరఫున మాట్లాడే అధికారం ఆ వ్యక్తికి నిజంగా ఉందా, ఆ పోస్టు పెట్టినప్పుడు ఆ అధికారాన్ని వినియోగిస్తున్నట్లు కనబడ్డాడా? ఈ రెండింటికీ కావలసిన వివరాలు, అంటే పేజీ ఎవరు నడుపుతారు, అందులో నగర ప్రకటనలు వస్తాయా, సిబ్బంది సాయం ఉందా అన్నవి మీ ఉత్తరంలో ఉంటే, ఆ విద్యార్థిని ఒక పూటలో చేయగల పనికి మూడు రోజులు పట్టదు. సభ్యుడు మంచివాడా చెడ్డవాడా అన్నది ఆమెకు అక్కరలేదు.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో లా మొదటి సంవత్సరం పూర్తి చేసింది. తోటివారు పెద్ద న్యాయ సంస్థల కోసం ప్రయత్నిస్తుంటే, తను ఒక రాష్ట్ర నగరాల సంఘంలో వేసవి క్లర్కుగా చేరింది. ఫోన్ చేసినప్పుడల్లా మురుగునీటి చార్జీలు, కుక్కల లైసెన్సులు అంటుంది. ఇంత ఖర్చు పెట్టి చదివించింది ఇందుకా అనిపిస్తోంది. నేను తనతో ఏమి మాట్లాడాలో చెప్పండి.

జవాబు: అయ్యా, మీ బెంగలో డబ్బుకు సంబంధించిన భాగం న్యాయమైనదే. పెద్ద సంస్థలు వేసవిలో ఇచ్చే జీతానికీ, సభ్యత్వ రుసుములతో నడిచే సంఘం ఇవ్వగలిగినదానికీ పోలిక లేదు. కొన్నిచోట్ల జీతమే ఉండదు, డిగ్రీకి లెక్కకు వచ్చే కాలేజీ క్రెడిట్లు మాత్రమే వస్తాయి. జీతం తీసుకుంటూ క్రెడిట్లు కూడా పొందడానికి ఉన్న నిషేధాన్ని లా కాలేజీలకు గుర్తింపునిచ్చే అమెరికన్ బార్ అసోసియేషన్ 2016లో ఎత్తివేసింది. ఇప్పుడు ఆ నిర్ణయం ఆయా కాలేజీలది. అమ్మాయి ఈ సంగతి కనుక్కుందో లేదో ఒకసారి అడగండి.

మురుగునీటి చార్జీల విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. అమెరికా రాజ్యాంగంలో స్థానిక ప్రభుత్వాల ప్రస్తావనే లేదు. మన దేశంలో 73, 74వ సవరణల తరువాత పంచాయతీలకూ మున్సిపాలిటీలకూ రాజ్యాంగంలో చోటు దొరికింది. అమెరికాలో మాత్రం నగరం పూర్తిగా రాష్ట్రం సృష్టించిన బిడ్డ. అయోవా న్యాయమూర్తి జాన్ డిల్లన్ 1868లో ఒక తీర్పులో చెప్పి, తరువాత గ్రంథంలోకి ఎక్కించిన సూత్రం ప్రకారం, రాష్ట్రం స్పష్టంగా ఇచ్చిన అధికారాలు, వాటి నుంచి తప్పనిసరిగా పుట్టే అధికారాలు, నగరం ఉనికికే అత్యవసరమైన అధికారాలు తప్ప నగరానికి మరేమీ లేవు. సందేహం వస్తే అధికారం లేనట్లే లెక్క. 1907లో ‘హంటర్ వర్సెస్ సిటీ ఆఫ్ పిట్స్‌బర్గ్’ కేసులో సుప్రీంకోర్టు ఈ ఆలోచనను చివరి దాకా తీసుకువెళ్లింది. అలెగనీ నగరాన్ని అక్కడివారిలో ఎక్కువమంది వద్దంటున్నా పక్కనున్న పిట్స్‌బర్గ్‌లో కలిపేస్తే, అది రాష్ట్రం ఇష్టమని తేల్చింది. మరో వైపు, 1875లోనే మిస్సోరి తన రాజ్యాంగంలో నగరాలకు సొంత చార్టర్ (నగర పాలనకు మూలమైన నియమావళి) రాసుకునే హక్కు ఇచ్చింది. హోమ్ రూల్ అనే ఆ పద్ధతి తరువాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది. నేటికీ ఒక్కొక్క రాష్ట్రం ఈ రెండింటి మధ్య ఒక్కొక్క చోట నిలబడి ఉంది.

కాబట్టి కుక్క లైసెన్సుకు నగరం ఎంత రుసుము వసూలు చేయవచ్చన్న ప్రశ్న వస్తే మీ అమ్మాయి ఆలోచించవలసినది కుక్క గురించి కాదు. ఈ అధికారం నగరానికి ఎక్కడి నుంచి వచ్చింది, వసూలు చేసేది రుసుమా పన్నా, పన్నయితే రాష్ట్రం అనుమతించిందా, రాష్ట్ర చట్టం ఈ విషయాన్ని ఇప్పటికే ఆక్రమించిందా అని మెట్టు మెట్టుగా వెతకాలి. పెద్ద సంస్థలో మొదటి వేసవి విద్యార్థి ఒక భారీ కేసులో ఏదో ఒక మూల చూస్తాడు. ఇక్కడ ప్రశ్న చిన్నదే కానీ అది మొదటి నుంచి చివరి దాకా ఆమె చేతిలోనే ఉంటుంది. రాజ్యాంగం, శాసనం, పాలన, పన్ను అన్నీ అందులో ఒకేసారి తగులుతాయి. అలాగని ఆమె జీవితమంతా ఇదే చేయాలని ఏమీ లేదు. ఇక్కడ రాసిన మెమో లీగు అనుమతితో, పేర్లు తీసేసి, రేపు ఉద్యోగ దరఖాస్తుకు జతచేసే రచనా నమూనాగా పనికి వస్తుంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు మురుగునీటి చార్జీ మీద ఆమె ఏ నిర్ణయానికి వచ్చిందో, ఎందుకు వచ్చిందో అడగండి. బహుశా ఆమె అరగంట మాట్లాడుతుంది.

ప్రశ్న: ఎఫ్‌-1 వీసా మీద లా చదువుతున్నాను. ఒక నగరాల సంఘం వేసవి క్లర్కుగా తీసుకుంటామంది. వీసాకు ఇబ్బంది ఉంటుందా?

జవాబు: సక్రమంగా చేస్తే ఉండదు. మీకు వర్తించేది సాధారణంగా సీపీటీ, అంటే చదువులో భాగంగా పనిచేయడానికి ఇచ్చే అనుమతి. ఆ పని మీ పాఠ్యప్రణాళికలో భాగమై ఉండాలి, మామూలుగా ఒక పూర్తి విద్యాసంవత్సరం చదివి ఉండాలి, కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారి అనుమతిని మీ ఐ-20 (కాలేజీ ఇచ్చే విద్యార్థి హోదా పత్రం) మీద నమోదు చేయాలి. ఆ నమోదులో ఉన్న తేదీకి ఒక్కరోజు ముందు కూడా పని మొదలుపెట్టకండి. జీతం లేదు కదా అని అనుమతి అక్కరలేదనుకోవడం ప్రమాదకరం. పూర్తికాల సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీ మీద ఓపీటీ (చదివిన రంగంలో, మామూలుగా చదువు పూర్తయ్యాక, పనిచేసే అనుమతి) పోతుంది, ఒక వేసవికి ఆ భయం లేదు. ఎల్‌ఎల్‌ఎమ్ ఏడాది చదువే కాబట్టి ఆ విద్యార్థులకు ఈ దారి సాధారణంగా కుదరదు. లీగులో మాట ఇచ్చేముందే మీ కాలేజీ అధికారిని కలవండి, సంఘం వారికి ఈ నియమాలు తెలిసి ఉంటాయని అనుకోకండి.

ప్రశ్న: నేను ఒక మున్సిపల్ లీగులో అటార్నీగా పనిచేస్తున్నాను. ఈ ఏడాది లా విద్యార్థుల పర్యవేక్షణ నాకు అప్పగించారు. వారు మాతో ఉండేది ఒక్క వేసవే. మొదటి వారం అందరికీ పరిచయాలు చేశాము, భోజనానికి తీసుకెళ్లాము. అయినా వారు నా గది గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడతారు. వారిని నిజంగా తెలుసుకోవడం ఎలా?

జవాబు: భోజనం మంచిదే గాని, విద్యార్థి ఎవరో తెలిసేది అతని మొదటి చిత్తుప్రతిలో. దానిని సరిదిద్ది ఈమెయిల్‌లో తిప్పి పంపకండి. పక్కన కూర్చోబెట్టుకొని ఈ తీర్పును ఎందుకు ఎంచుకున్నావు, దీనికి వ్యతిరేకమైనది కనబడలేదా, కనబడితే ఎందుకు వదిలేశావు అని అడగండి. ఒకరు ప్రతి వాక్యానికీ కాపుదలగా మూడు మినహాయింపులు పెడతారు, మరొకరు తీర్పులోని ఒక్క మాట పట్టుకొని దూసుకుపోతారు. మొదటివారికి ఒక నిర్ణయం చెప్పమని, రెండవవారికి ఎదుటి పక్షం వాదన రాయమని పని ఇవ్వండి. మనిషి స్వభావం ఇంత తేటగా మరెక్కడా కనబడదు.

ఆధారాలను తనిఖీ చేసే అలవాటు ఉందో లేదో మొదటి మెమోలోనే చూడండి. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ‘మాటా వర్సెస్ అవియాంకా’ కేసులో, చాట్‌జీపీటీ కల్పించిన, ఎక్కడా లేని తీర్పులను ఉటంకించినందుకు న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా వేసింది. విద్యార్థి రాసినదానికి బాధ్యత మీదే. లైసెన్సు లేని సహాయకుల పనిని పర్యవేక్షించే బాధ్యత వృత్తి నియమావళి న్యాయవాది మీదనే పెట్టింది. ప్రతి తీర్పునూ న్యాయ డేటాబేసులైన వెస్ట్‌లాలోనో లెక్సిస్‌లోనో తెరిచి, అది ఇంకా చెల్లుబాటులో ఉందో లేదో చూశాకే సంతకానికి తెమ్మని మొదటి రోజే చెప్పండి. ఇది అనుమానం కాదని వారికి తెలియాలంటే మీ సొంత చిత్తుప్రతిని కూడా అలాగే తనిఖీ చేయమని వారి చేతిలో పెట్టండి. గుమ్మం దగ్గర నిలబడినవారు లోపలికి రావడానికి నాకు తెలిసిన ఉపాయాలలో ఇది మేలైనది. అటార్నీ రాసినదానిలో ఒక తప్పు పట్టుకున్న విద్యార్థి మరునాడు కుర్చీ లాక్కొని కూర్చుంటాడు.

పనులు పంచేటప్పుడు మీకు విసుగు పుట్టించేవన్నీ వారికి నెట్టవద్దు. చాలా రాష్ట్రాలలో శాసనసభ సమావేశాలు వేసవికల్లా ముగుస్తాయి, కొత్త చట్టాలు పలుచోట్ల జూలై 1న అమలులోకి వస్తాయి. ఏ చట్టం నగరాలకు ఏ కొత్త పని పెట్టిందో, ఏ అధికారం లాగేసుకుందో సారాంశాలు రాయడం ఆ నెలల్లో లీగుకు పెద్ద పని. అది విద్యార్థికి తగినది కూడా. దానితోపాటు సభ్య నగరాల నుంచి వచ్చే ఫోన్లను, ఫోన్ చేసినవారికి ముందే చెప్పి, పక్కన కూర్చొని విననివ్వండి. కాగితం మీద రెండు పంక్తులుగా వచ్చే ప్రశ్న వెనక ఎంత ఆందోళన ఉంటుందో, అడిగిన ప్రశ్న ఒకటీ అసలు చిక్కు మరొకటీ ఎలా అవుతాయో వినకపోతే తెలియదు.

ఇంకొకటి, వారిని ఒక చిన్న ఊరి కౌన్సిల్ సమావేశానికి పంపండి. రాజధానిలో లీగు కార్యాలయంలో కూర్చొని ఓపెన్ మీటింగ్స్ చట్టం (సమావేశాలను ముందే నోటీసు ఇచ్చి బహిరంగంగా జరపాలనే చట్టం) మీద ఎంత రాసినా, ఎజెండాలో లేని విషయాన్ని ఎవరో లేవదీసినప్పుడు అధ్యక్షుడు ఎలా ఆపుతాడో చూడడం వేరు. సమావేశం తరువాత కౌన్సిల్ సభ్యులు విద్యార్థులతో మాట్లాడాలనుకుంటే ఒక్కొక్కరుగా రమ్మనండి. కోరం సరిపడే సంఖ్యలో సభ్యులు చుట్టూ చేరి, ఊరి వ్యవహారాలు చర్చించడం మొదలుపెడితే అది చట్టం దృష్టిలో నోటీసు ఇవ్వకుండా జరిపిన సమావేశమే కావచ్చు. తిరిగి వచ్చేటప్పుడు కారులో, ఆ రాత్రి సమావేశంలో ఏ క్షణాన నగరం దావాకు దగ్గరగా వెళ్లిందని వారిని అడగండి. ఇద్దరూ వేర్వేరు క్షణాలు చెబితే, మరునాటి పనికి మీ దగ్గర రెండు మెమోలకు సరిపడా ప్రశ్నలు సిద్ధంగా ఉన్నట్లే.